20 టన్నుల రాయి బ్రేకు వేస్తే ఎందుకు జారుతుంది?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఘనమీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, అంతే ఎత్తు ఉన్న బ్లాకు 20 టన్నులు. అది ట్రైలర్ ఎక్కాక "ఇంత బరువుంది, ఎక్కడికి కదులుతుందిలే" అని చైన్లు తూతూమంత్రంగా చుట్టి పంపేవాళ్లున్నారు. ఒంగోలు దగ్గర జాతీయ రహదారి 16 ఎక్కి కృష్ణపట్నం వైపు దిగే బండికి ఇది ప్రాణాంతకమైన నమ్మకం.

బ్రేకు పట్టేది చక్రాలను, రాయిని కాదు. రాయి వేగం తగ్గాలంటే దాన్ని వెనక్కి లాగే బలం వేరే కావాలి. కట్టని రాయికి ఆ బలం అడుగునున్న ఘర్షణ ఒక్కటే. బరువు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, నిజమే. కానీ రాయిని ఆపడానికి కావలసిన బలం కూడా సరిగ్గా అదే లెక్కన పెరుగుతుంది. న్యూటన్ రెండో నియమం రాసి చూస్తే ద్రవ్యరాశి రెండువైపులా ఉండి కొట్టుడుపోతుంది. ఒకే చెక్క మీద పెట్టిన 2 కిలోల రాయి, 20 టన్నుల రాయి ఒకే బ్రేకుకు జారడం మొదలుపెడతాయి.

పొడి చెక్క మీద రాయికి ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం, అంటే రాయి బరువులో 0.4 వంతు వరకే ఘర్షణ పట్టి ఉంచగలదు. గురుత్వ త్వరణం 9.8తో గుణిస్తే 3.9. అంటే వేగం ప్రతి సెకనుకూ 3.9 మీటర్ల చొప్పున తగ్గేవరకే రాయి బండితో పాటు ఉంటుంది. గేదె అడ్డమొచ్చి డ్రైవరు గట్టిగా తొక్కితే, బ్రేకులు బాగున్న బండి వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి బండి 28 మీటర్లలో ఆగుతుంది. రాయికి 36 మీటర్లు కావాలి. ఆ తేడా 8 మీటర్లలోనే క్యాబిన్ ఉంది.

రాయికీ ముందున్న ఇనుప అడ్డుకూ మధ్య మీటరు ఖాళీ ఉంటే సెకనుకు మీటరున్నర వేగంతో వచ్చి గుద్దుతుంది. అది మనిషి నడక కంటే కొంచెం ఎక్కువ, అంతే. అయినా 20 టన్నులను 10 సెంటీమీటర్లలో ఆపాలంటే ఆ అడ్డు సుమారు 24 టన్నుల బరువంత బలాన్ని తట్టుకోవాలి. అందుకే బండిలో ఇరుసుల మీద బరువు కుదిరినంతవరకు ముందు ఖాళీ వదలకూడదు.

ఇక కట్టడం. 5లోంచి ఘర్షణ ఇచ్చే 3.9 పోగా మిగిలిన 1.1ని 20,000 కిలోలతో గుణిస్తే, ఘర్షణకు అందని మిగతా బలం 22,000 న్యూటన్లు, అంటే 2.2 టన్నుల బరువంత. చైను రాయి మీదుగా అడ్డంగా వేసి రెండు పక్కలా కిందికి బిగిస్తే అది రాయిని నేరుగా ఆపదు, కిందికి నొక్కి ఘర్షణ పెంచుతుందంతే. 0.4 గుణకంతో ఆ లోటు పూడాలంటే ఒక్కో పక్క 2.8 టన్నుల బిగువు కావాలి. చేత్తో బిగించే బైండరుకు అంత బిగువు రావడం కష్టం. పైగా అంచుల దగ్గర చైను ఒరుసుకుని అవతలి పక్క బిగువు ఇంకా తగ్గుతుంది. అదే రాయి ముందు ముఖం మీదుగా వేసి 30 డిగ్రీల వాలులో వెనక్కి లాగి కడితే, రెండు పాయల్లో ఒక్కోదానికి 1.3 టన్నులు చాలు. అదీ బ్రేకు పడ్డప్పుడు రాయే తెచ్చిపెట్టే బిగువు. ముందుగా మనం అంత లాగక్కర్లేదు.

వైరుసా (తీగ రంపం) కోతలో వచ్చిన రాతి బురద అడుగున అంటుకుని ఉంటే పైలెక్కలన్నీ మారిపోతాయి. తడి బురద, ఇనుప బాడీ కలిస్తే గుణకం 0.2కి కూడా పడిపోవచ్చు. ఎక్కించేముందు అడుగు కడిగి ఆరనివ్వాలి. జారకుండా వేసే రబ్బరు చాపలు దొరుకుతాయి, వాటి గుణకం 0.6 వరకు ఉంటుంది. శుభ్రంగా ఉంటే సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గించే ఆ గట్టి బ్రేకును అవి తట్టుకుంటాయి. గుండ్రటి దుంగలు మాత్రం రాయి కింద పెట్టొద్దు, దొర్లుతాయి. గతుకుల్లో బండి ఎగిరిపడ్డప్పుడు రాయి క్షణంపాటు తేలికవుతుంది, ఆ క్షణం ఘర్షణ కూడా తగ్గిపోతుంది. రబ్బరు వేసినా చైను వేయాల్సింది ఇందుకే.

20 టన్నుల కింద చెక్క అణుగుతుంది. చైను పెద్దగా సాగదు కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు అణిగినా బిగువంతా పోతుంది. ఒంగోలు చేరేలోపే ఒకసారి బండి ఆపి మళ్లీ బిగించాలి.