డబ్బు కన్నా ముందు బడి

ఆదాయం పెరిగితే జననాలు తగ్గుతాయని చాలామంది తేల్చేస్తారు. చేతిలో డబ్బుంటే ఇంకో బిడ్డను పెంచడం తేలిక కావాలి కదా, మరి ఎందుకు తగ్గుతాయి?

1980 ప్రాంతంలో సౌదీ అరేబియాకు చమురు డబ్బు వరదలా వచ్చింది. అయినా అప్పట్లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున 7 మంది పిల్లలు. బంగ్లాదేశ్‌లో 1975లో 6.3గా ఉన్న ఈ సగటు 2011 నాటికి 2.3కు దిగింది. అప్పటికీ అది పేద దేశమే. కానీ ఆడపిల్లలు బడికి వెళ్లారు, కుటుంబ నియంత్రణ సేవలు గడప దగ్గరికే వచ్చాయి, పసిపిల్లల మరణాలు తగ్గాయి. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధైర్యం ఉన్నప్పుడు తల్లి మరో కాన్పు కోసం తొందరపడదు.

బడికి వెళ్లే అమ్మాయికి పెళ్లి ఆలస్యమవుతుంది. గర్భనిరోధక పద్ధతుల గురించి తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎప్పుడు కనాలి, ఎందరిని కనాలి అన్న విషయంలో ఇంట్లో ఆమె మాట చెల్లుతుంది. చదువుకునే కుటుంబాలు మొదటి నుంచీ వేరేగా ఉంటాయేమో, అసలు కారణం చదువు కాదేమో అని అడగవచ్చు. న్యాయమైన సందేహమే. టర్కీ 1997లో నిర్బంధ విద్యను 5 ఏళ్ల నుంచి 8 ఏళ్లకు పెంచింది. ఆ చట్టం కిందికి వచ్చిన అమ్మాయిల్లో చిన్న వయసు పెళ్లిళ్లు, కాన్పులు తగ్గాయని పరిశోధకులు గుర్తించారు. కుటుంబాలు అవే, మారింది చట్టం.

ఇక ఆదాయం రెండు వైపులా లాగుతుంది. ఖర్చు భరించే శక్తి ఇస్తుంది. అదే సమయంలో, మంచి జీతం వచ్చే తల్లి ఉద్యోగం మానుకుంటే పోయేది కూడా ఎక్కువే. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960లోనే ఇంకో మాట చెప్పాడు: ఆదాయం పెరిగితే తల్లిదండ్రులు పిల్లల సంఖ్య కన్నా ఒక్కో బిడ్డ మీద పెట్టే ఖర్చునే ఎక్కువ పెంచుతారు. దక్షిణ కొరియాలో ట్యూషన్ల ఖర్చు, ఇళ్ల ధరలు, సుదీర్ఘ పనిగంటలు కలిసి 2023లో ఒక్కో స్త్రీకి పిల్లల సగటును 0.72కు దించాయి.

దీన్ని చూసి ఆడవాళ్ల చదువునే తప్పుపట్టేవాళ్లున్నారు. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ జీతంతో కూడిన సెలవు, పిల్లల సంరక్షణ కేంద్రాలు ఉన్న స్వీడన్‌లో ఎక్కువ చదివిన స్త్రీలకూ తక్కువ చదివినవాళ్లకూ పిల్లల సంఖ్యలో తేడా బాగా తగ్గిపోయింది. అయితే అక్కడ కూడా 2010లో 1.98 ఉన్న సగటు 2023కు 1.45కు పడిపోయింది. చదువు, ఆదాయం ఎక్కువున్నవాళ్లలోనూ తక్కువున్నవాళ్లలోనూ ఇది తగ్గింది. కాబట్టి ఈ తగ్గుదలకు ఆ రెండే కారణమని చెప్పడం కుదరదు.