రెండు నీళ్ల ఇళ్లు: పడమటి ప్రకాశంలో పొదుపు మాట వెనక కథ

కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు చాలా ఇళ్లలో నీళ్లు రెండు రకాలు. వంటింట్లో ప్లాంటు నుంచి తెచ్చుకున్న ఇరవై లీటర్ల టిన్ను ఉంటుంది. అందులో నీళ్లు తాగడానికి, అన్నం వండడానికి. పెరట్లో డ్రమ్ములు, గాబు ఉంటాయి. ఆ నీళ్లు స్నానానికి, బట్టలకు, అంట్లకు. పొరపాటున పిల్లలు టిన్నులో నీళ్లతో కాళ్లు కడుక్కున్నారో, ఇంట్లో పెద్ద గొడవే. ఇలాంటి ఊళ్లకు వెళ్లి ‘నీటి విలువ తెలుసుకోండి’ అని మైకులో చెబితే వినేవాళ్లకు నవ్వొస్తుంది. అయినా ఇక్కడా నీళ్లు వృథా అవుతున్నాయి. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి తొలి శాస్త్రీయ నివేదికలు 1937లో వచ్చాయి. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను చూసి రాసినవి అవి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కాస్త తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారింది గానీ నీళ్లు మారలేదు. గార పళ్లు, వంగిన నడుములు, పట్టేసిన కీళ్లు అలాగే ఉండిపోయాయి.

ఇక్కడి రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. వానలు తక్కువ. పగుళ్లలో దిగిన నీరు ఏళ్ల తరబడి ఆ రాతిని ఆనుకుని ఉంటుంది కాబట్టి ఫ్లోరైడ్ అందులోకి కరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చు అన్నది మన దేశ ప్రమాణం. పాత చేదబావుల్లో పైపొర నీరు ఉండేది, ఏటా వాననీరు కలిసేది. కరువులకు బావులు ఎండాయి. 1970ల తర్వాత చేతిపంపులు, ఆ వెనకే మోటారు బోర్లు వచ్చాయి. లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఉప్పూ, ఫ్లోరైడూ పెరిగాయి. దాహం తీరడానికి వేసిన బోరే జబ్బు తెచ్చింది.

పొదుపు మాట సర్కారు నోట గట్టిగా వినిపించింది 2000లో, నీరు-మీరు కార్యక్రమంతో. ఇంటింటికీ ఇంకుడు గుంట అన్నారు. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం వాల్టా చట్టం వచ్చింది. ఊరంతా వాడే తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. కాగితం మీద మంచి చట్టమే. గుంటలు మాత్రం చాలాచోట్ల మట్టితో, చెత్తతో పూడిపోయాయి. తవ్వించినంత ఉత్సాహం పూడిక తీయించడంలో ఎవరికీ లేదు.

సాగర్ కుడి కాలువ నీళ్లను చెరువుల్లో నింపి, శుద్ధి చేసి పైపుల్లో పంపడం మొదలయ్యాక కొంత ఊరట దొరికింది. కానీ ఆ కొళాయి రోజూ రాదు. రెండు రోజులకో మూడు రోజులకో వస్తుంది, ఎన్నింటికొస్తుందో తెలియదు. అసలు వృథా ఇక్కడే. నీళ్లు వచ్చాయన్న కేక వినపడగానే డ్రమ్ములో మిగిలిన పాతవి మురుగులో గుమ్మరించి కొత్తవి పట్టుకుంటారు. చాలా కొళాయిలకు తిప్పే పిడి ఉండదు, డ్రమ్ము నిండాక ధార కాలవలో పడుతుంది. స్తోమత ఉన్నవాళ్లు పైపుకే మోటారు బిగించి లాగుతారు, చివరి వీధికి గాలి తప్ప ఏమీ రాదు. దీన్ని నిర్లక్ష్యం అనలేం. మళ్లీ ఎప్పుడొస్తాయో అన్న టెన్షన్ చేయించే పని అది.

2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి అనే సర్కారు మంచినీటి పథకం మొదలైంది, అప్పట్లో రెండు రూపాయలకు ఇరవై లీటర్లు. ప్రైవేటు ప్లాంట్లూ పుట్టుకొచ్చాయి. ఉన్నవాళ్లు ఇంట్లోనే ఆర్వో మిషన్ పెట్టించుకున్నారు. గోడకు తగిలించిన ఆ మిషన్ వెనక నుంచి సన్నటి పైపు ఒకటి కిటికీలోంచి బయటికి వేలాడుతుంటుంది. లీటరు మంచినీళ్లు ఇచ్చేలోపు రెండు మూడు లీటర్లు దాంట్లోంచి పోతాయి. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు ఇరవై లీటర్లనుకుంటే, పారేసేవి నలభై నుంచి అరవై. ఇంటింటికీ కొళాయి ఇవ్వడానికి 2019లో మొదలైన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది, అంటే ఆ ఇంటికి 220. అందులో దాదాపు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఆ పైపు పాలు.

ఆ నీళ్లు అంట్ల మొదటి కడుగుడికి, బండలు తుడవడానికి, మరుగుదొడ్డికి బాగానే పనికొస్తాయి. పశువుల కుడితిలో మాత్రం కలపొద్దు, బయటికి పోయేదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడి ఉంటుంది. బోరు పక్కన ఉన్న ఇంకుడు గుంటలోకీ వదలొద్దు, తిరిగి బోరులోకే చేరుతుంది. గుంటలోకి వెళ్లాల్సింది మిద్దె మీది వాననీరు. అందులో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, బోరు నీటిని కొంత పలచన కూడా చేస్తుంది.

భూగర్భ జలంలో ఎక్కువ భాగం తోడేది సేద్యం. అది చెప్పకుండా ఆడవాళ్ల బిందెలు లెక్కపెట్టడం న్యాయం కాదు. ఈ వైపు కృష్ణా నీళ్లు తేవడానికి 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుకు రెండు సొరంగాల తవ్వకం పూర్తయి, 2024 మార్చిలో జాతికి అంకితం చేసినట్టు ప్రకటించేసరికి ఒక తరం గడిచిపోయింది. ఆ కృష్ణా నీళ్లు ఇళ్లకు చేరేలోగా పంచాయతీలు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది: ఏ వీధికి ఏ రోజు, ఎన్ని గంటలకు నీళ్లు వదులుతారో ముందే చెప్పి, ఆ వేళకే వదలడం. ప్రతి కొళాయికీ పిడి బిగించడం దాంతోపాటే చేయొచ్చు.