మెస్సీనా తొలి పదిమంది: కతోలిక క్లాసికల్ హైస్కూళ్ల వివాదానికి నేపథ్యం

అమెరికాలో కతోలిక క్లాసికల్ హైస్కూళ్లపై చర్చ మళ్లీ వేడెక్కింది. లాటిన్, తర్కం, వక్తృత్వం, ప్రాచీన సాహిత్యం, తత్త్వశాస్త్రం ప్రధానంగా బోధించే ఈ పాఠశాలలు ఇటీవలి సంవత్సరాల్లో వేగంగా పెరిగాయి. మిన్నెసోటాలో 2008లో గృహస్థుల చొరవతో మొదలైన చెస్టర్టన్ అకాడమీ నమూనాను అనుసరించే పాఠశాలలు నేడు పదుల సంఖ్యలో ఉన్నాయి. మేరీలాండ్‌లోని హయట్స్‌విల్‌లో మూతపడే స్థితికి చేరిన సెయింట్ జెరోమ్ పాఠశాల 2010లో క్లాసికల్ పద్ధతికి మారి నిలదొక్కుకోవడంతో ఎన్నో విచారణ (స్థానిక చర్చి) పాఠశాలలకు ధైర్యం వచ్చింది. లాటిన్ అవసరమా కాదా అన్నది ఇప్పటి తగాదా కాదు. కొత్త పాఠశాలలో మొదటి సంవత్సరం పాఠం చెప్పేవారిని ఎవరు ఎంచుకోవాలి, వారిని ఎంతకాలం నిలుపుకోవాలి, మంచి ప్రణాళిక చేతిలో ఉంటే బోధించేది ఎవరైనా సరిపోతుందా అన్న ప్రశ్నల చుట్టూనే అది తిరుగుతోంది.

ఈ ప్రశ్నలకు మూలం సిసిలీ ద్వీపంలోని మెస్సీనా నగరంలో, 1548 వసంతంలో ఉంది. యేసు సభ (జెస్యూట్ మఠసభ) ఎలా పుట్టింది, దాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా ఎవరు అన్న సంగతులు తెలుగు పాఠకులకు కొంతవరకు తెలిసినవే. విజయవాడలో 1953లో ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించింది ఆ సభవారే. అయితే పాఠశాలలు నడపడం ఆ సభ తొలి సంకల్పం కాదని, 1540లో పోపు ఆమోదం పొందినప్పుడు దాని సభ్యులు ఊరూరా తిరిగి ప్రబోధించే గురువులుగానే (చర్చి ఫాదర్లుగానే) తమను భావించుకున్నారని ఇక్కడ గుర్తుంచుకోవాలి. స్పెయిన్‌లోని గాందియాలో, గోవాలో అప్పటికే కొంత బోధన జరుగుతున్నా, ప్రధానంగా సభలో చేరని బయటి పిల్లల కోసమే సభ పూనుకున్న మొదటి పాఠశాలగా చరిత్రకారులు మెస్సీనానే లెక్కిస్తారు.

సిసిలీ రాజప్రతినిధి హువాన్ దె వేగా అంతకుముందు రోములో చక్రవర్తి ఐదవ చార్లెస్ రాయబారిగా ఉండి ఇగ్నేషియస్‌కు సన్నిహితుడయ్యాడు. ఆయన ప్రోత్సాహంతో మెస్సీనా నగర పాలకులు 1547 డిసెంబరులో సభకు లేఖ రాశారు. వేదాంతం, ధర్మసందేహాల విచారణ, తత్త్వశాస్త్రం, వక్తృత్వం, వ్యాకరణం బోధించడానికి ఐదుగురు ఉపాధ్యాయులను, వారితోపాటు అక్కడే చదువుకునే మరో ఐదుగురు సభ్యులను పంపాలని కోరారు. వసతి, భోజనం, బట్టలు నగరం సమకూరుస్తుంది. చదువు మాత్రం ఎవరికైనా ఉచితంగా చెప్పాలి. నగరం అడిగింది అంతే. ఏ పుస్తకాలు, ఏ పద్ధతి అన్న వివరాల జోలికి పోలేదు.

ఇగ్నేషియస్ ఆ కోరికకు స్పందించిన తీరే తర్వాతి చరిత్రనంతా నిర్ణయించిందని నేను నమ్ముతున్నాను. ఆయన ముందుగా ప్రణాళిక రాయించలేదు. రోములోని తన ఇంట ఉన్న సభ్యులను, వంటపని చేసేవారితో సహా, కొన్ని ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబివ్వమన్నాడు. సిసిలీకి పంపినా పంపకపోయినా సమ్మతమేనా, విద్యార్థిగానో ఉపాధ్యాయుడిగానో సేవకుడిగానో ఎలా పంపినా వెళ్తారా, అప్పగించిన ఏ విషయాన్నైనా చదవడానికి లేదా బోధించడానికి సిద్ధమేనా, పెద్దల నిర్ణయమే మేలని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటారా అన్నవి ఆ ప్రశ్నల సారాంశం. అప్పటికి 26 ఏళ్ల పీటర్ కనీసియస్ 1548 ఫిబ్రవరిలో ఇచ్చిన జవాబు నేటికీ నిలిచి ఉంది. వంటవాడిగా పంపినా, తోటమాలిగా పంపినా, వాకిలి కాపలాకు పెట్టినా, విద్యార్థిగా కూర్చోబెట్టినా, తనకు బొత్తిగా తెలియని శాస్త్రం బోధించమన్నా తనకు సమ్మతమేనని ఆయన రాశాడు. 1925లో పునీతుడిగానూ తిరుసభ (కతోలిక చర్చి) పండితుడిగానూ ప్రకటితుడైన వ్యక్తి ఆ జవాబులో తన పాండిత్యం ఊసే ఎత్తకపోవడం గమనించదగ్గది.

ఎంపికైనవారు పదిమంది. అందులో నలుగురు గురువులు (ఫాదర్లు), ఆరుగురు ఇంకా గురుపట్టం పొందనివారు. నాయకుడు మయోర్కా ద్వీపానికి చెందిన జెరోనిమో నదాల్. పారిస్‌లో చదివిన ఈ నలభై ఏళ్ల పండితుడు సభలో చేరి మూడేళ్లు కూడా కాలేదు. షార్త్ర్ నగరవాసి ఆంద్రే దె ఫ్రూ గ్రీకులో, లాటిన్‌లో ఆరితేరినవాడు. ఇగ్నేషియస్ ధ్యానసాధనల గ్రంథాన్ని చక్కటి లాటిన్‌లోకి తెచ్చింది ఆయనే. నెదర్లాండ్స్ నుంచి కనీసియస్, ఫ్లాండర్స్ నుంచి కొర్నేలియస్ విషావెన్, పార్మా నుంచి బెనెదెత్తో పాల్మియో, సవోయ్ నుంచి అన్నిబాల్ దు కూద్రే వచ్చారు. రోములో ఉన్న అత్యంత సమర్థుల్లో కొందరిని ఒకే పాఠశాలకు, అదీ ద్వీపంలోని రేవు పట్టణానికి పంపడం చిన్న సాహసం కాదు. మిగులు మనుషులను కాకుండా తన దగ్గరున్న మేలైనవారిని ఇగ్నేషియస్ ఇచ్చాడు. 1548 మార్చి 18న రోము నుంచి బయలుదేరిన ఆ బృందం ఏప్రిల్ 8న మెస్సీనా చేరింది.

అధిపతి అయిన నదాల్ పాలన చూసుకుంటూ కూర్చోలేదు. తానే హీబ్రూ బోధించాడు. దె ఫ్రూ గ్రీకు, కనీసియస్ వక్తృత్వం, ఇసిదోరో బెల్లిని తర్కం చెప్పారు. కూద్రే, పాల్మియో, జొవాన్ని బత్తిస్తా పస్సేరి వ్యాకరణ తరగతులను పంచుకున్నారు. వ్యాకరణానికి ముగ్గురిని కేటాయించడంలోనే అసలు మెలకువ కనబడుతుంది. నాటి ఇటలీలో వేర్వేరు స్థాయుల పిల్లలను ఒకే పంతులు ముందు కూర్చోబెట్టి చదివించడం మామూలు. ఈ పదిమందిలో ముఖ్యులు చవిచూసిన పారిస్ పద్ధతి వేరు. అక్కడ పిల్లలను వయసునుబట్టి కాక వచ్చిన చదువునుబట్టి తరగతులుగా విడదీస్తారు. ప్రతి తరగతికి తనదంటూ ఒక ఉపాధ్యాయుడుంటాడు. కింది మెట్టు గట్టిపడనిదే పై తరగతికి పోనివ్వరు. విన్న పాఠాన్ని తిరిగి అప్పజెప్పడం, సొంతంగా రచన చేయడం, తోటివారితో వాదించడం నిత్యకృత్యాలు. ఈ పద్ధతి వారికి పుస్తకంలో దొరకలేదు. పారిస్ బల్లల మీద విద్యార్థులుగా కూర్చుని వంటబట్టించుకున్నదాన్నే మెస్సీనాలో ఆచరణలో పెట్టారు. కళాశాల అని పిలిచే ఆ పాఠశాల నియమావళిని నదాల్ అక్షరబద్ధం చేసింది మెస్సీనాలో కాలుపెట్టిన తర్వాతే.

నేటి వివాదంలో ఒక పక్షం ఈ క్రమాన్ని తలకిందులు చేస్తోందని విమర్శకులు అంటున్నారు. ఆ పక్షం వాదన క్లుప్తంగా ఇది: చక్కగా కూర్చిన పాఠ్యప్రణాళిక, గ్రంథాల జాబితా, ఉపాధ్యాయులకు వేసవి శిక్షణ ఉంటే చిన్న పట్టణంలోనైనా తల్లిదండ్రులు పాఠశాల తెరవవచ్చు, నిండు పండితులు దొరికేదాకా ఆగితే ఒక తరం పిల్లలు నష్టపోతారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే తాను కిందటి వారమే నేర్చుకున్న లాటిన్ విభక్తులను ఈ వారం పిల్లలకు చెప్పవలసి వచ్చిన ఉపాధ్యాయుడికి ఏ జాబితా సాయపడదు. మెస్సీనాలో ప్రణాళిక మనుషుల నుంచి పుట్టింది. ఆ మనుషులను పక్కనపెట్టి ప్రణాళికను మాత్రమే ఊరూరా పంపిణీ చేస్తే క్లాసికల్ అన్న పేరు మిగులుతుంది గాని చదువు మిగులుతుందని చెప్పలేము.

నియామక హక్కు ఎవరిదన్న తగాదా కూడా మెస్సీనాలోనే మొదలైంది. పాఠశాల తెరిచిన ఏడాదే, 1548 నవంబరు 16న, మూడవ పాల్ పోపు మెస్సీనాలో విశ్వవిద్యాలయాన్ని స్థాపిస్తూ ఇచ్చిన శాసనం దాని పాలనను యేసు సభ చేతుల్లో పెట్టింది. నగర పాలకులు అందుకు ఒప్పుకోలేదు. డబ్బు తమది, న్యాయశాస్త్రం, వైద్యం చెప్పే ఆచార్యులను నియమించే అధికారం కూడా తమకే ఉండాలన్నది వారి పట్టు. విద్యాక్రమం ఒక చేతిలో లేకపోతే తమ పద్ధతి నిలవదని సభ వాదించింది. రాజీ కుదరలేదు. కళాశాల సభ ఆధీనంలో కొనసాగింది. నగరం కోరుకున్న పూర్తి స్థాయి విశ్వవిద్యాలయం రూపుదిద్దుకునేసరికి 1590ల దశకం వచ్చింది. నగరం వాదన న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ అర్ధశతాబ్దం పాటు మెస్సీనా పిల్లలకు నిజంగా చదువు చెప్పింది ఎంపిక, శిక్షణ, బోధన ఒకే బాధ్యత కింద ఉన్న కళాశాలేనన్నది కాదనలేని విషయం.

ఇక తొలి సిబ్బంది ఎంతకాలం నిలిచారన్నది చూడాలి. నేటి చర్చలో మెస్సీనాను ఆదర్శంగా చూపేవారు దాటవేసే అధ్యాయం ఇది. కనీసియస్ ఏడాదిన్నర కూడా ఉండలేదు. 1549 సెప్టెంబరు 4న రోములో తుది మాటపట్టు (సన్యాస ప్రతిజ్ఞ) ఇచ్చి, బొలోన్యాలో వేదాంత పట్టా పుచ్చుకుని, ఆ నవంబరులో జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌కు చేరాడు. దె ఫ్రూ కూడా రోముకు తరలివెళ్లాడు; విద్యార్థుల కోసం అశ్లీల భాగాలు తొలగించి ఆయన సిద్ధం చేసిన ప్రాచీన రోమన్ కవి మార్షల్ కవితల సంపుటి ఆయన మరణానంతరం 1558లో అక్కడే అచ్చయింది. నదాల్‌ను 1552 నుంచి సభ నియమావళిని వివరించే పనిమీద దేశదేశాలకు తిప్పారు. 1549లో పాలెర్మో, 1551లో రోము, ఆ వెంటనే మరెన్నో నగరాలు అదే తరహా కళాశాలలు కోరాయి. 1556లో ఇగ్నేషియస్ కన్నుమూసేనాటికి వాటి సంఖ్య 30 దాటింది. అన్నింటికీ మనుషులు కావాలి. ఉన్న మనుషులు మాత్రం మొదటి పాఠశాలల్లోనే ఉన్నారు.

వెళ్లినవారి కన్నా నిలిచినవారి గురించి మనకు తక్కువ తెలుసు. వ్యాకరణం చెప్పడానికి వచ్చిన కూద్రే 1551 నాటికి మెస్సీనాలోనే ఉన్నాడు. ఆ జులైలో అక్కడి తరగతుల క్రమాన్ని, పాఠాల వేళలను, అభ్యాసాలను పూసగుచ్చినట్లు వివరిస్తూ రోములోని సభ కార్యదర్శి హువాన్ దె పొలాంకోకు లేఖ రాశాడు. అప్పుడే మొదలైన రోము కళాశాలకు ఆ వివరణ దారి చూపింది. 1599లో సభ పాఠశాలలన్నిటికీ శాసనంగా వెలువడిన విద్యాక్రమానికి వేసిన తొలి మెట్లలో అదొకటి. ఒకేచోట మూడేళ్లు వ్యాకరణం చెప్పిన మనిషి మాత్రమే రాయగల లేఖ అది.

కొరత ఎంత ముదిరిందో పొలాంకో 1560 ఆగస్టులో సభ అంతటికీ పంపిన లేఖ చెబుతుంది. సాధారణంగా ప్రతి సభ్యుడూ పాఠశాలల భారంలో తన వంతు మోయాలన్నది దాని సందేశం. బోధన తెలియనివారిని, ఇష్టం లేనివారిని తరగతుల్లో నిలబెట్టవలసి వచ్చిన కాలమది. చివరకు 1565లో సభ రెండవ సర్వసభ్య సమావేశం కొత్త కళాశాలలను అంగీకరించడంలో నిగ్రహం పాటించాలని, ఉన్నవాటిని బలపరచడం మీద దృష్టి పెట్టాలని తీర్మానించింది. నాలుగు శతాబ్దాల తర్వాత అమెరికా కతోలిక పాఠశాలలకు అలా ఆగి ఆలోచించుకునే వ్యవధి దొరకలేదు. 1950లో అక్కడి కతోలిక పాఠశాలల సిబ్బందిలో పదింట తొమ్మిది వంతులు కన్యస్త్రీలు, గురువులు, బ్రదర్లే. 1965లో ఆ దేశం మొత్తంలో దాదాపు 1,80,000 మంది కన్యస్త్రీలు ఉండేవారు; నేడు 40,000 కూడా లేరు. పాఠశాలల సిబ్బందిలో మఠవాసుల వాటా 3 శాతం లోపుకు పడిపోయింది. అరవైలలో 50 లక్షలు దాటిన విద్యార్థుల సంఖ్య సుమారు 17 లక్షలకు తగ్గింది. జీతం ఆశించకుండా, చెప్పినచోటికి వెళ్లే మనుషుల మీద కట్టిన వ్యవస్థ ఆ మనుషులు లేకుండానే సాగవలసి వచ్చింది.

కనుక మెస్సీనాను నేడు యథాతథంగా అనుకరించలేము. ఆ పదిమందికి కుటుంబాలు లేవు, ఇంటి అద్దె లేదు, పిల్లల ఫీజులు లేవు. నేటి క్లాసికల్ హైస్కూల్లో తొలి ఏడాది చేరే గృహస్థ ఉపాధ్యాయుడికి అన్నీ ఉన్నాయి. పైగా ప్రభుత్వ పాఠశాల ఇచ్చే జీతం చాలాచోట్ల అతనికి దక్కదు. పునాది సిబ్బంది విషయంలో పట్టుదల చూపుతున్నవారు అందుకే భవనం కన్నా ముందు జీతాల నిధి కావాలంటున్నారు. వారి లెక్కలో లాటిన్, సాహిత్యం, గణితం బోధించేవారు కొన్నేళ్ల పాటు కదలకుండా ఉండేలా ఒప్పందాలు కుదరనిదే పాఠశాల తెరవకూడదు. అలాంటివారిని తయారుచేసే చోట్లు కూడా తక్కువే. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఇర్వింగ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ డాలస్ క్లాసికల్ విద్యలో స్నాతకోత్తర శిక్షణ ఇస్తున్న కొద్ది కతోలిక సంస్థల్లో ఒకటి.

చట్టం మాత్రం ఉపాధ్యాయుడి కన్నా యాజమాన్యాన్నే బలపరిచింది. కతోలిక పాఠశాలల ఉపాధ్యాయుల సంఘాలపై జాతీయ కార్మిక సంబంధాల మండలికి అధికారం లేదని అమెరికా సుప్రీంకోర్టు 1979లో 5–4 ఆధిక్యంతో తేల్చింది. మత బోధనలో పాలుపంచుకునే ఉపాధ్యాయుల నియామకం, తొలగింపు విషయంలో ఉద్యోగ వివక్ష చట్టాలు వర్తించవని 2020 జులై 8న 7–2 ఆధిక్యంతో తీర్పు ఇచ్చింది. బిషప్పుల అధికారం కూడా ఈ విషయంలో పరిమితమే. 1983 నాటి తిరుసభ ధర్మశాస్త్రంలోని 803వ సూత్రం ప్రకారం పీఠాధిపతి (బిషప్పు) వంటి తగిన అధికారి సమ్మతి లేనిదే ఏ పాఠశాలా కతోలిక అన్న పేరు పెట్టుకోరాదు. 805వ సూత్రం మతోపదేశం చేసే ఉపాధ్యాయులను నియమించే లేదా ఆమోదించే హక్కును పీఠాధిపతికి ఇస్తుంది. మేత్రాసనం (బిషప్పు పాలనా ప్రాంతం) నడపని స్వతంత్ర పాఠశాలల్లో లాటిన్, వక్తృత్వం, తర్కం చెప్పేవారి ఎంపిక పాఠశాల బోర్డుకే మిగిలింది. ఆ బోర్డుల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రులవే. తొలి సంవత్సరానికి ఎవరిని తీసుకోవాలో, ఎన్నేళ్ల ఒప్పందంపై తీసుకోవాలో వారే నిర్ణయిస్తున్నారు.