పరిష్కారం దొరికాకే పైకి చెప్పాలా? ప్రాజెక్ట్ మేనేజర్ల అపోహలు - వాస్తవాలు

కొత్తగా ప్రాజెక్ట్ మేనేజర్లయిన వాళ్లకు మెంటర్‌గా ఉంటాను. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలా మొదలవుతాయి: "డేట్ జారిపోయేలా ఉందండీ. స్పాన్సర్‌కి ఇంకా చెప్పలేదు. ఏదో ఒక దారి దొరికాక చెబుదామని ఆగాను." స్పాన్సర్ అంటే ప్రాజెక్ట్‌కి డబ్బు, అనుమతి ఇచ్చే పెద్ద మనిషి. ఎన్నాళ్లుగా ఆగారు అని అడిగితే కాసేపు మాట రాదు. రెండు వారాలు, మూడు వారాలు, ఒక్కోసారి నెల దాటిపోయి ఉంటుంది. ఆ నెలంతా వాళ్లు సరిగా నిద్రపోయి ఉండరు.

ఆ భయం ఊరికే పుట్టదు. "సమస్యతో రావద్దు, పరిష్కారంతో రా" అనే మాట ఆఫీసుల్లో వేదవాక్కులా చెలామణీ అవుతోంది. అన్నవాళ్లు మంచి ఉద్దేశంతోనే అంటారు. విన్నవాళ్లకు మాత్రం అది "పరిష్కారం లేకపోతే నోరెత్తకు" అనే వినిపిస్తుంది. ఈ రంగంలో నేను చూసిన అపోహలన్నిటిలో ఎక్కువ నష్టం చేసింది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: పరిష్కారం లేకుండా చెడు వార్త చెబితే చేతకాని మేనేజర్ అనుకుంటారు

ఆరు నెలల ప్రాజెక్ట్ ఒకటి అనుకుందాం. వెండర్ ఇవ్వాల్సిన మాడ్యూల్ నాలుగు వారాలు ఆలస్యమవుతుందని మూడో నెలలో మీకు తెలిసింది. ఆ వారమే చెబితే స్పాన్సర్‌కి చాలా దారులుంటాయి. ఆ ఫీచర్‌ను రెండో రిలీజ్‌కి జరపొచ్చు. వెండర్ కంపెనీలో పైవాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు. యూజర్ల ట్రైనింగ్ తేదీలు మార్చొచ్చు. పాత సిస్టమ్ లైసెన్స్‌ను ఇంకో నెల పొడిగించుకోవచ్చు. అదే వార్త ఐదో నెలాఖరులో చెబితే మిగిలేది తేదీ వాయిదా వేసి అందరికీ క్షమాపణ చెప్పుకోవడమే. రెండు సందర్భాల్లోనూ ఆలస్యం నాలుగు వారాలే. కానీ రెండోసారి దారులన్నీ మూసుకుపోయాయి.

పైగా ఆ దారుల్లో ఏ ఒక్కటైనా మీ చేతిలో ఉందా? బడ్జెట్, స్కోప్ (పని పరిధి), వెండర్ కాంట్రాక్ట్ సాధారణంగా స్పాన్సర్ చేతిలోనో, పెద్ద నిర్ణయాలు తీసుకునే స్టీరింగ్ కమిటీ చేతిలోనో ఉంటాయి. మీ అధికారంలో లేని పరిష్కారాన్ని మీరొక్కరే కూర్చుని వెతుక్కుంటున్నారు. ఆలోగా స్పాన్సర్ మీరిచ్చిన పాత తేదీనే నమ్మి తన పైవాళ్లకు మాట ఇస్తున్నారు. రేపు ఆయన కోపం ఆలస్యం మీద కన్నా ఆ మాట పోయినందుకే ఎక్కువగా ఉంటుంది.

ఈలోపు స్టేటస్ రిపోర్ట్ ప్రతి వారం ఆకుపచ్చగానే, అంటే అంతా బాగుందనే, వెళ్తుంటుంది. మా రంగంలో దీన్ని పుచ్చకాయ రిపోర్ట్ అంటారు, పైన పచ్చ, కోస్తే ఎరుపు. ఒక మేనేజర్ నాకు చూపించిన రిపోర్ట్‌లో ఈ వాక్యం ఉంది: "ఇంటిగ్రేషన్ పనులు సాగుతున్నాయి, కొన్ని చిన్న సమస్యలను టీమ్ పరిశీలిస్తోంది." ఇది చదివి ఎవరైనా ఏం నిర్ణయం తీసుకోగలరు? ఇద్దరం కూర్చుని దాన్ని ఇలా మార్చాం: "వెండర్ ఇంటర్‌ఫేస్ 12న రావాలి, రాలేదు. 20లోపు రాకపోతే రిలీజ్ కనీసం రెండు వారాలు వెనక్కి వెళ్తుంది. వెండర్ టీమ్ లీడ్‌తో రోజూ మాట్లాడుతున్నాం, తేదీ ఇవ్వడం లేదు. వాళ్ల డెలివరీ హెడ్‌తో మీరు ఈ శుక్రవారంలోగా మాట్లాడాలి. పరిష్కారం ఇంకా దొరకలేదు, బుధవారం మళ్లీ అప్‌డేట్ ఇస్తాం."

ఏం జరిగింది, ఎప్పటికల్లా ఏమవుతుంది, మేం ఏం చేస్తున్నాం, మీ నుంచి ఏం కావాలి, మళ్లీ ఎప్పుడు చెబుతాం. చెడు వార్తకు ఇవి చాలు. "పరిష్కారం ఇంకా దొరకలేదు" అన్న మాట రాయడానికి ఆ మేనేజర్ చాలాసేపు తటపటాయించింది. తర్వాతి కాల్‌లో నేనూ ఉన్నాను. స్పాన్సర్ మొదట గట్టిగానే మాట్లాడారు, అది నిజం. అంతా అయ్యాక "ఆ డెలివరీ హెడ్ నంబర్ పంపమ్మా" అన్నారు. అక్కడి నుంచి అది ఇద్దరి సమస్య అయింది.

మెయిల్ పెట్టాం కాబట్టి చెప్పినట్టే అనుకునేవాళ్లూ ఉన్నారు. 1999 సెప్టెంబర్ 23న నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను కోల్పోయింది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ లెక్కలో డేటా ఇచ్చింది, దాన్ని వాడుకునే సాఫ్ట్‌వేర్ న్యూటన్ లెక్క అనుకుంది; రెండూ బలాన్ని కొలిచే వేర్వేరు యూనిట్లు. ఇంతవరకు చాలామందికి తెలుసు. నావిగేషన్ టీమ్‌కు ముందే అనుమానం వచ్చిందని, దాన్ని సమస్యగా అధికారికంగా నమోదు చేయకుండా అనధికారిక మాటలతోనే సరిపెట్టారని విచారణ బోర్డు తేల్చిన సంగతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఎక్కడో మెయిల్ చెయిన్ మధ్యలో ఒక లైన్ పెట్టడం ఎస్కలేట్ చేయడం, అంటే పైవాళ్ల దృష్టికి తీసుకెళ్లడం, కాదు. సమస్య రిస్క్ రిజిస్టర్‌లోకి (ప్రాజెక్ట్‌కి ఉన్న ముప్పులన్నీ రాసే జాబితా) ఎక్కాలి, దానికి ఒక ఓనర్, ఒక తేదీ ఉండాలి.

అపోహ: టీమ్ ఏమీ చెప్పడం లేదంటే అంతా బాగున్నట్టే

ఇది మొదటి దానికి రెండో వైపు. స్పాన్సర్‌కి చెప్పడానికి మీరు ఎలా భయపడతారో మీ టీమ్ మీకు చెప్పడానికి అలాగే భయపడుతుంది. ఒక మీటింగ్ చివర్లో ఒక టెస్టర్ మెల్లగా అంది: "పేమెంట్ దగ్గర ఒక్కోసారి రెండు ఎంట్రీలు పడుతున్నట్టు అనిపిస్తోంది." మేనేజర్ వాచీ చూసుకుంటూ, "అనిపిస్తోందా, ఖాయమా? ఖాయమయ్యాక చెప్పు" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, తర్వాతి మీటింగ్ తొందరలో ఉన్నాడంతే. ఆ తర్వాత స్టాండప్‌లో (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) ఆ అమ్మాయి నోట "నో బ్లాకర్స్", అంటే అడ్డంకులేమీ లేవు, తప్ప ఇంకో మాట నేను వినలేదు. ఆ లోపాన్ని చివరికి కస్టమర్ పట్టుకున్నాడు. "ఎక్కడ చూశావు? ఒకసారి చూపిస్తావా?" అని ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది.

హాస్పిటల్ టీమ్‌లలో మందుల పొరపాట్ల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి అధ్యయనం 1996లో వచ్చింది. మంచి టీమ్‌లలో తక్కువ పొరపాట్లు కనిపిస్తాయని ఆమె ఆశించారు. తీరా చూస్తే వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. ఆ టీమ్‌లలో మనుషులు దాచకుండా చెప్పుకోగలగడమే దానికి కారణమని ఆమె వివరించారు. వరసగా వారాల తరబడి రిస్క్ రిజిస్టర్‌లో కొత్త లైన్ ఒక్కటీ పడలేదంటే నేను సంతోషించను, కంగారుపడతాను.

మిగిలినవి, త్వరగా

"కమ్యూనికేషన్‌లో మాటల వాటా 7 శాతమే, మిగతాదంతా గొంతు, బాడీ లాంగ్వేజ్." ఈ పుకారు ట్రైనింగ్ స్లైడ్లలో ఇంకా బతికే ఉండటం విసుగు పుట్టిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు ఇష్టాయిష్టాలు వ్యక్తం చేసే సందర్భాలకు, అదీ మాటకూ ముఖానికీ పొంతన లేని సందర్భాలకు సంబంధించినవి. రిలీజ్ తేదీ బాడీ లాంగ్వేజ్‌తో చెప్పలేం.

"గలగలా మాట్లాడేవాళ్లే లీడర్లు అవుతారు." కాదు. నేను చూసిన మంచి మేనేజర్లలో చాలామంది మితభాషులు. ఏ నిర్ణయం జరిగింది, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి అన్నది మీటింగ్ అయిన వెంటనే రాసి పంపేవాళ్లు.

"అందరినీ సీసీలో పెడితే అందరికీ తెలిసినట్టే." ఐదుగురి టీమ్‌లో ఇద్దరిద్దరి మధ్య లింకులు 10, పదిమందిలో 45, పదిహేనుమందిలో 105. అందరూ అన్నీ చదవడం జరిగే పని కాదు. ఎవరికి ఏది అవసరమో ప్రాజెక్ట్ మొదట్లోనే తేల్చుకోండి.

"వెనకబడితే నలుగురిని చేరిస్తే సరి." ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌కి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఉన్నవాళ్లే, పైన చెప్పిన లింకులూ పెరుగుతాయి. మనుషులు కావాలంటే మూడో నెలలోనే అడగాలి. అడగాలంటే ముందు సమస్య చెప్పాలి.

"ఇప్పటికే ఆలస్యం చేశాను, ఇప్పుడు చెబితే ఇంకా తిడతారు"

ఇంతా చెప్పాక ఫోన్‌లో అవతలివాళ్లు అడిగేది ఇదే. తిట్టొచ్చు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని తప్పకుండా అడుగుతారు. "దారి దొరికాక చెబుదామని ఆగాను, ఆగకుండా ఉండాల్సింది" అని ఒక్క వాక్యంలో చెప్పి నేరుగా తేదీల్లోకి వెళ్లండి. సంజాయిషీ పేజీలకొద్దీ రాయకండి, దాన్ని చదివే ఓపిక ఆ రోజు ఎవరికీ ఉండదు. ముందు ఫోన్ చేయండి, తర్వాత మెయిల్ పెట్టండి. అందరూ ఉన్న మీటింగ్‌లో మొదటిసారి బయటపెట్టకండి, స్పాన్సర్‌ను నలుగురిలో ఇరకాటంలో పెట్టినట్టవుతుంది. పెద్ద మీటింగ్ ఎల్లుండి ఉంటే రేపు పొద్దున్నే ఆయనతో విడిగా పదిహేను నిమిషాలు అడిగి తీసుకోండి. ఆ ఫోన్ చేసే ముందు మీ టీమ్‌కి కూడా చెప్పండి, లేకపోతే ఆ మధ్యాహ్నమే వాళ్లకు పైనుంచి ప్రశ్నలు వస్తాయి.