స్కీమా మైగ్రేషన్లు, గిట్ బ్రాంచ్‌లు: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

కోడ్ రివ్యూ అయిపోయింది. టెస్టులన్నీ పాసయ్యాయి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ కూడా ఏ అభ్యంతరం చెప్పకుండా రెండు బ్రాంచ్‌లనూ, అంటే ఒకే కోడ్ మీద విడివిడిగా సాగిన రెండు పనులనూ, కలిపేసింది (దీన్నే మెర్జ్ అంటారు). తీరా డిప్లాయ్ చేయబోతే మైగ్రేషన్ దగ్గర, అంటే డేటాబేస్ టేబుళ్ల నిర్మాణాన్ని (స్కీమాను) మార్చే స్క్రిప్ట్ దగ్గర, అంతా ఆగిపోయింది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో వాడేవాళ్లకు ‘కాన్‌ఫ్లిక్టింగ్ మైగ్రేషన్స్’ అన్న ఎర్రర్, పైథాన్‌లోనే మైగ్రేషన్లు నడిపే టూల్ అలెంబిక్ వాడేవాళ్లకు ‘మల్టిపుల్ హెడ్స్’ అన్న ఎర్రర్ బాగా పరిచయం. రూబీ భాషలోని వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ వాడే టీముల్లో స్కీమా ఫైల్లోని వర్షన్ లైను దగ్గర తరచూ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. రిలీజ్ రోజున టెన్షన్ పెట్టే ఈ ఎర్రర్లను చాలామంది టూల్ లోపం అనుకుంటారు. నిజానికి ఇవి చాలా ఆలోచించి పెట్టినవి. అవి ఎందుకొచ్చాయో తెలియాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో చాలా కంపెనీల్లో స్కీమా మార్పు డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) పని. డెవలపర్ టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ స్క్రిప్ట్ రాసి పంపితే, వాడకం తక్కువగా ఉండే రాత్రివేళ చూసుకుని ఆయన ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సర్వర్ మీద, రన్ చేసేవారు. ఏ స్క్రిప్ట్ ఏ సర్వర్ మీద రన్ అయిందన్నది ఏదో ఒక ఎక్సెల్ షీట్‌లో ఉండేది, లేదంటే ఆయన జ్ఞాపకంలో ఉండేది. కోడ్ చరిత్రను దాచే అప్పటి టూల్స్ అయిన సీవీఎస్‌లోనో సబ్‌వర్షన్‌లోనో కోడ్ భద్రంగా ఉన్నా, డేటాబేస్‌కు మాత్రం చరిత్రంటూ రాసిపెట్టి ఉండేది కాదు. 2003లో ప్రమోద్ సదలగె, మార్టిన్ ఫౌలర్ కలిసి రాసిన వ్యాసం ఈ పద్ధతిని నేరుగా ప్రశ్నించింది. ప్రతి డెవలపర్‌కూ సొంత డేటాబేస్ ఉండాలనీ, ప్రతి మార్పునూ చిన్న మైగ్రేషన్‌గా రాసి కోడ్‌తోపాటే రిపాజిటరీలో (కోడ్, దాని చరిత్ర ఉండే చోట) పెట్టాలనీ అందులో వాదించారు. ఇప్పుడు ఇది మామూలు మాటే. అప్పట్లో చాలామంది డీబీఏలకు ఇది మింగుడుపడలేదు.

ఆ ఆలోచనను మామూలు వెబ్ డెవలపర్ చేతికి అందించింది రూబీ ఆన్ రైల్స్. 2005లో రైల్స్‌లోకి మైగ్రేషన్లు వచ్చాయి. ప్రతి మైగ్రేషన్ ఒక ఫైలు. ఫైలు పేరు ముందు 001, 002 అని వరుస నంబర్. డేటాబేస్‌లో ‘స్కీమా ఇన్ఫో’ అనే బుల్లి టేబుల్, అందులో ఒకే ఒక్క వరుస, దాంట్లో ఒక అంకె. ఆ అంకె 41 అయితే 41 దాకా అన్నీ రన్ అయ్యాయని, 42 నుంచి మొదలుపెట్టాలని అర్థం. అంతకన్నా సింపుల్‌గా ఏదీ ఉండదు. అందరూ ఒకే సెంట్రల్ సర్వర్‌కు కమిట్ చేసే రోజుల్లో అది బాగానే నడిచింది కూడా. ఇద్దరు 42 తీసుకుంటే రెండోవాడు అప్‌డేట్ చేసుకున్నప్పుడు గమనించి, తన ఫైలు పేరును 43గా మార్చుకునేవాడు.

సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంకో సంఘటన జరిగింది. లినక్స్ కెర్నెల్ టీమ్ తన కోడ్ చరిత్ర కోసం వాడుతున్న బిట్‌కీపర్ అనే టూల్ ఉచిత వర్షన్‌ను ఆ కంపెనీ ఆపేసింది. దాని స్థానంలో లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టారు. అదే నెలలో గిట్ లాంటిదే అయిన మెర్క్యూరియల్ కూడా పుట్టింది. ఈ రెండింట్లోనూ ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి రిపాజిటరీ ఉంటుంది, బ్రాంచ్ తీయడం క్షణాల్లో పని, మెర్జ్ చేయడం రోజూ జరిగేదే. అంటే చరిత్ర ఒకే గీతలో నడవదు, చీలి మళ్లీ కలుస్తుంది. మైగ్రేషన్ టూల్స్ మాత్రం చరిత్ర ఒకే వరుసలో నడుస్తుందన్న నమ్మకం మీదే కట్టినవి. ఒకే ఏడాదిలో వచ్చిన ఈ రెండు రకాల టూల్సూ ఎదురుపడటానికి మూడేళ్లు పట్టింది.

ఆ ఢీ ఎలా ఉండేదో దగ్గరగా చూద్దాం. ఒక డెవలపర్ తన బ్రాంచ్‌లో 42 రాసి, మెయిన్ బ్రాంచ్‌లోకి రాకముందే వారం రోజులు దాని మీద పనిచేస్తున్నారు. ఈలోగా ఇంకొకరు, 42 ఎవరో తీసుకున్నారని తెలిసి, మర్యాదగా 43 రాసి మెర్జ్ చేశారు. ప్రొడక్షన్‌లో 43 రన్ అయింది. స్కీమా ఇన్ఫోలో అంకె 43 అయింది. తర్వాత 42 వచ్చింది. టూల్ ఆ అంకెను చూసి, 43 దాకా అన్నీ అయిపోయాయని అనుకుని 42ను వదిలేసింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. 42 కలపాల్సిన కాలమ్ మాత్రం లేదు. ఆ కాలమ్ కోసం వెతికే కోడ్ దగ్గర అప్లికేషన్ పడిపోయినప్పుడే సంగతి బయటపడుతుంది. ఇద్దరూ అదే నంబర్ తీసుకుంటే టూల్ కనీసం ఆగి అరుస్తుంది. వేర్వేరు నంబర్లు తీసుకున్న జాగ్రత్తపరులకే ఎక్కువ నష్టం జరిగేది.

2008 ఏప్రిల్‌లో రైల్స్ ప్రాజెక్ట్ సబ్‌వర్షన్ వదిలి గిట్‌కు, గిట్‌హబ్‌కు మారింది. ఆ జూన్‌లో వచ్చిన రైల్స్ 2.1లో మైగ్రేషన్ల తీరు మారిపోయింది. వరుస నంబర్ స్థానంలో యూటీసీ టైమ్‌స్టాంప్ వచ్చింది. ఒక్క అంకె ఉండే టేబుల్ స్థానంలో, రన్ అయిన ప్రతి మైగ్రేషన్‌కూ ఒక వరుస రాసుకునే ‘స్కీమా మైగ్రేషన్స్’ టేబుల్ వచ్చింది. ఆలస్యంగా వచ్చిన పాత మైగ్రేషన్‌ను కూడా టూల్ గుర్తుపట్టి రన్ చేస్తుంది. పెద్ద ఊరటే. కానీ నా దృష్టిలో ఇది సగం పరిష్కారమే. ఫైలు ఎప్పుడు రాశారో టైమ్‌స్టాంప్ చెబుతుంది గానీ, ఏ మార్పు దేని మీద ఆధారపడిందో చెప్పదు. నా ల్యాప్‌టాప్‌లో ఒక వరుసలో, పక్క సీటులో ఇంకో వరుసలో, ప్రొడక్షన్‌లో మూడో వరుసలో అవే మైగ్రేషన్లు రన్ అవుతాయి. చాలాసార్లు ఫలితం ఒకటే. ఒక్కోసారి కాదు.

ఆ ‘ఒక్కోసారి’ దగ్గరే అసలు సమస్య ఉంది. ఒక బ్రాంచ్‌లో ఆర్డర్స్ టేబుల్‌లోని ‘ఫోన్’ కాలమ్‌ను ‘మొబైల్’ అని మార్చారు. ఇంకో బ్రాంచ్‌లో అదే ‘ఫోన్’ కాలమ్ మీద, వెతకడం వేగంగా జరిగేందుకు, ఇండెక్స్ పెట్టారు. రెండు వేర్వేరు ఫైళ్లు. గిట్ చూసేది టెక్స్ట్‌నే కాబట్టి దానికి ఇందులో తగాదా ఏమీ కనిపించదు. ఇండెక్స్ ముందు రన్ అయితే అంతా సాఫీగా సాగుతుంది, పేరు మార్పు ముందు రన్ అయితే ‘ఫోన్’ కాలమ్ లేదని ఇండెక్స్ మైగ్రేషన్ ఫెయిలవుతుంది.

దీన్ని ముందే పట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. 2006లో నేథన్ వాక్స్‌ల్యాండ్ మొదలుపెట్టిన లిక్విబేస్ అనే మైగ్రేషన్ టూల్‌లో నంబర్లే లేవు. ప్రతి ఛేంజ్‌సెట్‌కూ (ఒక మార్పుకు) ఐడీ, రాసినవారి పేరు, ఫైలు దారి, ఈ మూడూ కలిపి గుర్తింపు. దానికి, మార్పులోని విషయాన్ని బట్టి లెక్కించే చెక్‌సమ్ కూడా తోడైంది కాబట్టి, రన్ అయిపోయిన మార్పును ఎవరైనా తర్వాత దిద్దితే బయటపడిపోతుంది. పైథాన్ వైపు ఆండ్రూ గాడ్విన్ 2008లో జాంగో కోసం సౌత్ అనే మైగ్రేషన్ టూల్ రాశారు. ఆలస్యంగా వచ్చిన మైగ్రేషన్ కనిపిస్తే సౌత్ ఆగి, మెర్జ్ చేయమంటారా అని అడిగేది. డెవలపర్ తెలిసి ఒప్పుకుంటేనే ముందుకు కదిలేది.

2012లో డేవిడ్ వీలర్ తెచ్చిన స్క్విచ్ అనే టూల్ ఇంకో అడుగు ముందుకేసింది. ప్రతి మార్పు తనకు ముందు ఏవి ఉండాలో పేర్లతో చెబుతుంది. మార్పుల ఐడీలు గిట్ కమిట్ల మాదిరే హాష్‌లు (విషయాన్ని బట్టి లెక్కించే గుర్తులు), ముందున్న మార్పు ఐడీ కూడా అందులో కలుస్తుంది. గిట్‌ను గట్టిగా అర్థం చేసుకున్న డేటాబేస్ మనిషి రాసిన టూల్ అని చూడగానే తెలుస్తుంది. దానికి రావాల్సినంత పేరు రాలేదని నాకు ఇప్పటికీ బాధే.

2014లో రెండు పెద్ద మార్పులొచ్చాయి. సెప్టెంబర్‌లో జాంగో 1.7 వచ్చింది. అంతకుముందు ఏడాది గాడ్విన్ కిక్‌స్టార్టర్‌లో విరాళాలు సేకరించి చేసిన పని ఫలితంగా మైగ్రేషన్లు జాంగోలోనే భాగమయ్యాయి. ఫైళ్లకు నంబర్లున్నా అవి చదివేవాళ్ల సౌకర్యం కోసమే. అసలు వరుసను నిర్ణయించేది ఫైలు లోపల రాసే డిపెండెన్సీలు. రెండు మైగ్రేషన్లు ఒకే తల్లి నుంచి చీలితే టూల్ రన్ చేయడానికి ఒప్పుకోదు, మెర్జ్ మైగ్రేషన్ రాయమంటుంది. అదే ఏడాది మైక్ బేయర్ రాసిన అలెంబిక్ 0.7 వర్షన్‌లో మల్టిపుల్ హెడ్స్, మెర్జ్ వచ్చాయి. మొదట్లో చెప్పిన ఎర్రర్ల పుట్టుక ఇదే. గిట్ చూడలేని చీలికను ఈ టూల్స్ చూస్తున్నాయి. మెర్జ్ మైగ్రేషన్ ఫైలు లోపల సాధారణంగా ఖాళీగా ఉంటుంది, నిజమే. అది రాసే ముందు రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలన్నదే దాని ఉద్దేశం. చదవకుండా కమాండ్ కొట్టేస్తే ఆ ఎర్రర్ వచ్చినా లాభం లేనట్టే.

ఇన్ని టూల్స్ వచ్చినా తీరని చిక్కు ఇంకొకటుంది. గిట్‌లో బ్రాంచ్ మారితే ఫైళ్లు మారతాయి, డేటాబేస్ మారదు. ఫీచర్ బ్రాంచ్‌లో ఖాళీగా వదలకూడని (నాట్ నల్) కాలమ్ ఒకటి కలిపి, మెయిన్‌కు తిరిగొచ్చారనుకోండి. కాలమ్ అక్కడే ఉంటుంది. దాని గురించి తెలియని మెయిన్ కోడ్ కొత్త రికార్డ్ సేవ్ చేయబోతే ఎర్రర్. వెనక్కి తీసుకుందామంటే ఆ మైగ్రేషన్ ఫైలు ఫీచర్ బ్రాంచ్‌లోనే ఉండిపోయింది. అందుకే బ్రాంచ్ మారేముందే మైగ్రేషన్‌ను వెనక్కి తీసుకోవాలి, లేదా బ్రాంచ్‌కొక డేటాబేస్ పెట్టుకోవాలి. ప్రొడక్షన్‌లో అయితే వెనక్కి వెళ్లడమన్నది మరీ భ్రమ. తీసేసిన కాలమ్‌ను, మార్పును వెనక్కి తిప్పే డౌన్ మైగ్రేషన్ మళ్లీ సృష్టిస్తుంది, అందులోని కస్టమర్ల నంబర్లను తిరిగి తేలేదు. పైగా పోస్ట్‌గ్రెస్‌లో చాలా స్కీమా మార్పులను ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదన్న కట్టలో) పెట్టి రద్దు చేయవచ్చు గానీ, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లో ఆల్టర్ టేబుల్ తనంతట తానే కమిట్ అయిపోతుంది, అంటే వెంటనే ఖాయమైపోతుంది. మధ్యలో ఫెయిలైతే సగం మైగ్రేషన్ అలాగే ఉండిపోతుంది.

డేటాబేస్‌కే బ్రాంచ్‌లు ఇస్తే సరిపోతుంది కదా అన్న ప్రయత్నమూ జరిగింది. డోల్ట్ అనే డేటాబేస్‌లో టేబుళ్లకు, వాటిలోని డేటాకు కూడా కమిట్, బ్రాంచ్, మెర్జ్ ఉన్నాయి. దాని కోసం అప్లికేషన్ కింద ఉన్న డేటాబేస్‌నే మార్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్ మీద ఏళ్లుగా నడుస్తున్న వ్యవస్థకు అది తేలిక కాదు.

అందుకే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఎదురు దారిలో వచ్చిన ఒక చిన్న ప్యాకేజీ. 2020లో ఆడమ్ జాన్సన్ విడుదల చేసిన జాంగో లీనియర్ మైగ్రేషన్స్ ప్రతి యాప్‌లోనూ ఒక టెక్స్ట్ ఫైలు పెడుతుంది. అందులో ఒకే లైను, చివరి మైగ్రేషన్ పేరు. రెండు బ్రాంచ్‌లు మైగ్రేషన్లు రాస్తే రెండూ ఆ లైనును మారుస్తాయి, గిట్‌కు కాన్‌ఫ్లిక్ట్ తప్పదు. ఇలా మెర్జ్ దగ్గరే గొడవ తెచ్చేందుకు అట్లాస్ అనే టూల్ డైరెక్టరీ మొత్తానికీ హాష్‌ల ఫైలు ఒకటి పెడుతుంది. డిప్లాయ్ దగ్గర పడాల్సిన దెబ్బ, బ్రాంచ్‌ను మెయిన్‌లో కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్ దగ్గరే బయటపడుతుంది. అప్పటికి ఆ మైగ్రేషన్లు రాసిన ఇద్దరూ ఇంకా అదే పనిలో ఉంటారు, ఏది ముందో మాట్లాడుకుని తేల్చుకోగలరు.