"వెళ్ళిపోవచ్చు కదా అమ్మమ్మా?"

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. దసరా సెలవులకు మీరు వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుని "బాయిజ్ ఎన్ ద హుడ్" అనే అమెరికా సినిమా చూశాము కదా. అది అయిపోగానే చిన్నది అడిగిన ప్రశ్నకు నేను ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేకపోయాను. "అంత ప్రమాదమైన చోటని తెలిసి కూడా వాళ్ళు అక్కడే ఎందుకున్నారు, వెళ్ళిపోవచ్చు కదా అమ్మమ్మా?" అని అది అడిగితే, "వాళ్ళ ఖర్మ" అని ఒక్క మాట అనేసి పాలు తోడు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ముప్ఫై ఏళ్ళు సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పిన మనిషి అనవలసిన మాట కాదది. ఆ తరువాత మీ అమ్మ, పిల్లలకు ఇటువంటి బూతుల సినిమా చూపించావేమిటని నన్ను కోప్పడింది కూడా. కాబట్టి మీ ప్రశ్నకూ, మీ అమ్మ కోపానికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ సినిమా 1991 జులైలో విడుదలైంది. తీసిన జాన్ సింగిల్టన్‌కు అప్పటికి 23 ఏళ్ళు. లాస్ ఏంజెలెస్ నగరంలోనే పుట్టి పెరిగి, అక్కడి విశ్వవిద్యాలయంలో సినిమా రచన చదువుకుని, తన చుట్టుపక్కల చూసినదాన్నే కథగా రాసుకున్నాడు. ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొదటి నల్లజాతి అమెరికన్ అతడే, అప్పటికి అందరిలోకీ చిన్నవాడూ అతడే. ముఠాల సినిమా అనగానే మనకు అడుగడుగునా కొట్లాటలు గుర్తుకు వస్తాయి గాని, ఇందులో ఎక్కువ భాగం ఇంటి అరుగు మీద కబుర్లు, పెరట్లో విందులు, తండ్రి కొడుకు చేత ఆకులు ఊడిపించడం, తల్లి కొడుకును కొట్టుకు పంపడం, ఇవే కనిపిస్తాయి. చావు ఆ కొట్టుకు వెళ్ళివచ్చే దారిలోనే కాచుకుని ఉంటుంది.

మొదటి దృశ్యాన్ని గుర్తు తెచ్చుకోండి. బడికి వెళ్తున్న నలుగురు పిల్లలు దారి మళ్ళి ఒక సందులోకి పోయి, పోలీసులు కట్టిన పసుపుపచ్చ రిబ్బను దాటి, నేల మీద ఎండిన నెత్తురును చూస్తారు. అది ఎందుకు పసుపు రంగుకు తిరిగిందో ఒక పిల్లవాడు సైన్సు పాఠంలా చెబుతాడు. ఆ వయసు పిల్లలకు ఆ జ్ఞానం ఎక్కడ అబ్బిందో దర్శకుడు చెప్పడు. అక్కడే గోడకు అప్పటి అధ్యక్షుడు రీగన్ ఎన్నికల పోస్టరు, దాని మీద తూటాల రంధ్రాలు. అంతకు ముందు, ప్రతి 21 మంది నల్లజాతి అమెరికన్ మగవారిలో ఒకరు హత్యకు గురవుతారని, చంపేది కూడా ఎక్కువగా మరొక నల్లజాతి మగవాడేనని తెర మీద అక్షరాలు వస్తాయి. ఆ అక్షరాలను ఒక్కటిగా చదివితే తప్పు ఆ కుర్రాళ్ళదేనని అనిపిస్తుంది. వాళ్ళందరినీ ఒకే ఇరుకు సందులోకి చేర్చిందెవరు అన్న ప్రశ్న మాత్రం ఆ అక్షరాలలో లేదు.

దానికి కొంత చరిత్ర చెప్పాలి, విసుక్కోకండి. రెండవ ప్రపంచ యుద్ధం నాడు విమానాలు, ఓడలు తయారుచేసే కర్మాగారాలలో పని దొరుకుతుందని టెక్సాస్, లూసియానా వంటి దక్షిణాది రాష్ట్రాల నుండి నల్లజాతివారు వేల సంఖ్యలో లాస్ ఏంజెలెస్ చేరారు. పని దొరికింది గాని, కోరిన చోట ఇల్లు దొరకలేదు. ఎందుకంటే ఆ నగరంలో చాలా ఇళ్ళ దస్తావేజులలోనే ఈ ఇంటిని తెల్లవారికి తప్ప ఇతరులకు అమ్మరాదని రాసి ఉండేది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు అటువంటి షరతులను కోర్టుల ద్వారా అమలు చేయించరాదని తీర్పు ఇచ్చింది. అయినా కాగితం మీద చెరిగిన గీత వీధిలో చెరగలేదు. అలమేడా అనే వీధికి ఇటు నల్లజాతివారు ఉండే వాట్స్ పేట, అటు తెల్లవారు ఉండే సౌత్ గేట్. మన పల్లెల్లో ఊరికీ వాడకూ నడుమ గీత ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు కదా, ఇక్కడ ఆ గీత తారు రోడ్డు.

తరువాతి దెబ్బ ఉద్యోగాల మీద పడింది. సౌత్ గేట్‌లోని ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారం 1980లో, జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1982లో మూతబడ్డాయి. బడి చదువు అయిపోగానే కర్మాగారంలో చేరి, పదేళ్ళకు సొంత ఇల్లు కొనుక్కోగలిగిన తండ్రుల కొడుకులకు ఆ గేటే లేకుండా పోయింది. ఆ ఖాళీలోకి కొకైన్‌ను కాచి చేసే క్రాక్ అనే చవక మత్తు దిగింది. క్రిప్స్, బ్లడ్స్ అనే ముఠాలు అంతకు పదేళ్ళ పైనుండే ఉన్నాయి. నీలం రంగు క్రిప్స్‌ది, ఎరుపు బ్లడ్స్‌ది. మత్తు సరుకు తెచ్చిన డబ్బుతో వారి చేతుల్లోకి పెద్ద తుపాకులు వచ్చాయి. సర్కారు 1986లో చేసిన చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ అమ్ముతూ దొరికినవాడికి కనీసం ఐదేళ్ళ జైలు. డబ్బున్నవారు పీల్చే పొడి కొకైన్ విషయంలో అదే శిక్ష పడాలంటే 500 గ్రాములు దొరకాలి. ఆ నూరింతల తేడాను తగ్గించడానికి 2010 దాకా పట్టింది, అప్పుడు కూడా పద్దెనిమిది ఇంతలు మిగిల్చారు. పోలీసుల సంగతి సరేసరి. 1988 ఏప్రిల్‌లో ఒకే ఒక్క వారాంతంలో 1,400 మందికి పైగా పట్టుకుపోయి, వారిలో చాలామందిని ఏ నేరమూ మోపకుండానే వదిలేశారు. అలా ఒకసారి లారీ ఎక్కించుకుపోయిన పిల్లవాడిని మరునాడు పేటలో ఏ కళ్ళతో చూస్తారో ఆలోచించండి.

సినిమాలో ఫ్యూరియస్ అనే తండ్రి, కొడుకు ట్రేనూ అతని స్నేహితుడు రికీనీ పక్కనున్న కాంప్టన్ అనే ఊరికి తీసుకువెళ్ళి, ఇళ్ళు కొంటామనే ఒక పెద్ద ప్రకటన బోర్డు కింద నిలబెట్టి, పేటను పాడుబెట్టి ధర పడగొట్టి కొని, తరువాత పాతవారిని వెళ్ళగొట్టి ఎక్కువ ధరకు అమ్ముకునే పద్ధతిని వివరిస్తాడు. మత్తు సరుకును ఈ దేశానికి తెచ్చే విమానాలు, ఓడలు మనవి కావు గదా, మరి అది ఎలా వస్తోంది అని అడుగుతాడు. ప్రతి మూలా తుపాకుల దుకాణమూ సారా దుకాణమూ ఎందుకుందని అడుగుతాడు. అది మరీ పాఠం చెప్పినట్టుందని పెద్దవాడు పెదవి విరిచాడు. నిజమే, అది పాఠమే. పాఠాలు చెప్పి బతికినదాన్ని కాబట్టి నాకు అదే అన్నిటికంటే నచ్చింది.

ఇప్పుడు చిన్నదాని ప్రశ్నకు వస్తాను. ఆ సినిమాలో పేట దాటి వెళ్ళిపోవాలని ప్రయత్నించనివారు లేరు. రికీకి ఉన్న ఒకే ఒక్క దారి అమెరికన్ ఫుట్‌బాల్. చిన్నప్పటి నుండి బంతిని చంకన పెట్టుకునే తిరుగుతాడు. విశ్వవిద్యాలయం నుండి మనిషి ఇంటికి వచ్చి మాట్లాడతాడు, ప్రవేశ పరీక్షలో 700 మార్కులు తెచ్చుకుంటే సీటు ఖాయం. ట్రేకు పై చదువుకు వెళ్ళే దారి తండ్రి వేస్తాడు. ఇంటి పని చేయించి, చేపలు పట్టడానికి తీసుకువెళ్ళి, తప్పు చేస్తే ఎదురుగా నిలబెట్టి మాట్లాడే తండ్రి ఆ వీధి మొత్తానికి ఒక్కడే. మూడోవాడు డోబాయ్. రికీకి తోడబుట్టినవాడే గాని తండ్రులు వేరు. తల్లి ప్రేమంతా రికీ మీద. పదేళ్ళప్పుడే దుకాణంలో దొంగతనం చేశాడని పోలీసులు తీసుకుపోయారు. వాడికి బంతీ లేదు, తండ్రీ లేడు. అసలు బుద్ధిలో ముగ్గురిలో చురుకైనవాడు వాడేనని నాకనిపించింది. ఆ పాత్ర వేసిన ఐస్ క్యూబ్ అదే పేటల గురించి పాటలు కట్టిన ర్యాప్ గాయకుడు, అతనికి అది మొదటి సినిమా. కాబట్టి, తల్లీ, వెళ్ళిపోవడం మనసులో అనుకుంటే అయ్యే పని కాదు. దానికి ముందుగా అవతల ఎవరో ఒకరు తలుపు తీసి పట్టుకోవాలి. పట్టుకున్నా చాలదనడానికి రికీయే సాక్షి. రోడ్డు మీద భుజం తగిలిన ఒక చిన్న తగవు చివరకు వాడి ప్రాణం మీదికి వచ్చింది. తల్లి చెప్పిన సరుకు కోసం కొట్టుకు వెళ్ళి, తిరిగి వస్తూ సందులో లాటరీ చీటీ గోకుతూ ఉండగా కాల్చేశారు. పరీక్ష ఫలితం ఆ రోజే ఇంటికి చేరింది. 710.

ఆ తరువాతి భాగాన్ని మీరు ఇంకొకసారి చూడాలి. మన సినిమాలలో తోడబుట్టినవాణ్ణి చంపినవారిని వెతికి చంపితే హాలులో ఈలలు పడతాయి, అక్కడితో శుభం కార్డు. 1989లో "శివ" వచ్చినప్పుడు మా బడిలో సైకిల్ స్టాండు నిండా చేతులకు గ్రీజు పూసుకున్న కుర్రాళ్ళే. అందరికీ కథానాయకుడిలా ఒక్క గుంజుతో చైను ఊడబెరకాలని సరదా. ఒకడి వేళ్ళు తెగితే నేనే పసుపు అద్ది కట్టుకట్టాను. అది మంచి సినిమాయే, కాదనను, కానీ పిల్లలు దానిలో నుండి చైనునే ఇంటికి తెచ్చుకున్నారు. సింగిల్టన్ అలా తెచ్చుకోవడానికి వీలివ్వలేదు. ఆ రాత్రి ట్రే కారులో సగం దూరం వెళ్ళి దిగిపోతాడు. డోబాయ్ దిగడు, రికీ చావుకు కారణమైన ముగ్గురినీ చంపుతాడు. మరునాడు పొద్దున వీధి దాటి వచ్చి ట్రే ఇంటి అరుగు మీద కూర్చుని, టీవీలో పరదేశాల గొడవలు చూపించారే గాని తన వాడి చావు గురించి ఒక్క ముక్క లేదని, ఇక్కడ జరిగేది వారికి తెలియదో, చూపించరో, పట్టదోనని అంటాడు. పగ తీరిన మనిషి ముఖంలో ఉండాలని మనం అనుకునే తృప్తి అక్కడ ఏమీ లేదు. చేతిలోని సీసా నేల మీద ఒంపేసి, వీధి దాటుతూ మెల్లగా తెర మీద నుండి మాయమైపోతాడు. రెండు వారాలకు వాణ్ణీ చంపేశారని అక్షరాలు వస్తాయి. ఆ సినిమా విడుదలైన రాత్రి కొన్ని హాళ్ళ దగ్గర కాల్పులు జరిగి, కొందరు యజమానులు ఆటలు ఆపేశారు. మీ అమ్మలాగే ఆనాడు కూడా సినిమానే తప్పుపట్టారు.

రెండేళ్ళ తరువాత, 1993లో, అల్బర్ట్, అలెన్ హ్యూస్ అనే 21 ఏళ్ళ కవల సోదరులు "మెనెస్ టు సొసైటీ" తీశారు. అది వాట్స్ కథ, మరీ చేదు. అందులో తండ్రి లేడు, ఉన్నన్నాళ్ళూ మత్తు అమ్మినవాడే. భక్తిగల తాతయ్య మనవణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, బతుకుతావో చస్తావో అన్నది నీకేమైనా పట్టిందా అని అడిగితే, తెలియదని అంటాడు వాడు. నేను అక్కడ ఆపేసి కాసేపు వసారాలో తిరిగి వచ్చి మళ్ళీ పెట్టాను. చివరకు పట్టింపు పుట్టి, సామాను కారులోకి ఎక్కిస్తూ ఉండగా, పాత తగవు వచ్చి వాడిని అక్కడే పట్టుకుంటుంది.

ఈ రెండు సినిమాల నడుమ ఆ నగరంలో జరిగినది మీరు తెలుసుకోవాలి. ఒక నల్లజాతి వాహనదారుణ్ణి కొట్టి వీడియోకు చిక్కిన పోలీసులను 1992 ఏప్రిల్ 29న జ్యూరీ దాదాపు అన్ని ఆరోపణల నుండి విడిచిపెట్టింది. దానితో అల్లర్లు చెలరేగి 50 మందికి పైగా చనిపోయారు. అది లోకమంతా చూసింది. తీర్పుకు ముందే ఆ ఏప్రిల్‌లో వాట్స్‌లోని ముఠాల కుర్రాళ్ళు, తమలో తాము కాల్చుకోవడం ఆపాలని సంధి చేసుకున్న సంగతి అంతగా ఎవరికీ తెలియదు. ఆ కాగితం రాసుకోవడానికి వారు నమూనాగా తీసుకున్నది 1949లో ఈజిప్టు, ఇజ్రాయెల్ నడుమ కుదిరిన యుద్ధ విరమణ ఒప్పందం. దాన్ని ఐక్యరాజ్యసమితి తరఫున కుదిర్చి, 1950లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రాల్ఫ్ బంచ్ కూడా నల్లజాతివాడే. చిన్నతనంలో ఆ నగరపు దక్షిణ పేటల్లోనే పెరిగి జెఫర్సన్ హైస్కూలులో చదువుకున్నాడు. ఎవరూ కాపలా లేని ఆ సంధి కొన్నేళ్ళు నిలబడింది. ఆ కాగితం మీద తెరకెక్కిన సినిమా నాకు ఇంతవరకు కనబడలేదు. పెద్దవాడు ఎలాగూ సినిమా కోర్సులో చేరతానంటున్నాడు కాబట్టి చెబుతున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు రెండో సినిమా చూద్దాము, మీ అమ్మను నేను ఒప్పిస్తాను. మొదట్లోనే వచ్చే దుకాణం దృశ్యంలో మాత్రం చిన్నది నాతోపాటు అవతలికి వచ్చి అరిసెల పిండి కలపాలి. ఈలోగా మొదటి సినిమాను ఇంకొకసారి పెట్టుకుని, రాత్రిపూట ఆ ఇళ్ళ మీదుగా పోలీసు హెలికాప్టర్ చప్పుడు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టి నాకు రాయండి. నేను మధ్యలోనే లెక్క తప్పాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ