ద్వేషం మీద సినిమాలు: క్లాసులో నాకు ఎదురయ్యే అపోహలు

హైదరాబాద్‌లో ఫిల్మ్ అప్రిసియేషన్ క్లాసులు చెబుతుంటాను. సినిమా వేశాక చర్చ నడపడం నా పని. జాతి వివక్ష మీద ఏ సినిమా వేసినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినపడతాయి.

అపోహ: ద్వేషం గురించి తీశారంటే అది మంచి సినిమానే.

వాస్తవం: 1915లో అమెరికాలో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ కూడా ద్వేషం గురించే. కాకపోతే ద్వేషించేవాళ్ల పక్షాన నిలబడి తీశారు. క్లైమాక్స్‌లో ఓ గుడిసెలో తెల్లవాళ్లు చిక్కుకుంటారు, బయట నల్ల సైనికులు తలుపు బద్దలు కొడుతుంటారు. కట్ చేస్తే, ముసుగులేసుకుని గుర్రాల మీద దూసుకొస్తున్న కూ క్లక్స్ క్లాన్, అంటే నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లవాళ్ల ముఠా. మళ్లీ గుడిసె, మళ్లీ గుర్రాలు. ఈ బిట్ నేను సౌండ్ తీసేసి వేస్తాను. క్లాన్ ఎవరో, ఎంతమందిని చంపిందో ముందే చెప్పి మరీ వేస్తాను. అయినా పిల్లలు కుర్చీ అంచుకు జరిగి కూర్చుంటారు. లైట్లు వేసి ‘ఎవరు రావాలని చూశారు?’ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మన హీరో క్లైమాక్స్‌కి సుమోలో రావడమూ ఇదే ఇంటర్‌కట్, రెండు చోట్ల జరిగేది మార్చి మార్చి చూపించడం. ఆ 1915 సినిమాలోని నల్ల విలన్లు మొహానికి మసి పూసుకున్న తెల్ల నటులు. ఆ ఏడాదే జార్జియాలో స్టోన్ మౌంటెన్ మీద క్లాన్ మళ్లీ పుట్టింది, ఏళ్ల తరబడి ఈ సినిమా వేసి మరీ సభ్యుల్ని చేర్చుకుంది.

అపోహ: అది అమెరికా గొడవ, మనకేం సంబంధం?

వాస్తవం: మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ ఒకప్పుడు నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం ఉన్న చోటు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నారు, ‘మీదే దేశం?’ అని అడిగించుకుంటూ. కులమూ జాతీ ఒకటేనని నేననను. కానీ టులెట్ బోర్డు చూసి లోపలికెళ్తే నీళ్ల సంగతి, అడ్వాన్సు సంగతి అయ్యాక ‘ఇంతకీ మీరేమిటోళ్లు?’ అన్న ప్రశ్న వస్తుందే, అది విన్నవాళ్లకు ఈ సినిమాలు సబ్‌టైటిల్స్ లేకపోయినా అర్థమవుతాయి. 1938లోనే ‘మాలపిల్ల’ తీసిన పరిశ్రమ మనది. నల్లగా ఉన్న అమ్మాయిని చూసి హీరో ఫ్రెండ్ జడుసుకునే కామెడీ ట్రాకులు తీసిందీ అదే.

అపోహ: ఏడిపించిందంటే సినిమా పని చేసినట్టే.

వాస్తవం: ‘మిసిసిపీ బర్నింగ్’ (1988) బాగానే కదిలిస్తుంది. 1964లో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల్ని చంపిన ఘటన దానికి ఆధారం. అయితే హీరోలు ఇద్దరు తెల్ల ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) ఏజెంట్లు. ఊళ్లోని నల్లవాళ్లు చాలావరకు భయపడుతూ నిలబడతారు. ప్రాణాలకు తెగించి ఓటరు నమోదు ఉద్యమం నడిపింది వాళ్లే, అదే ఎఫ్‌బీఐ మార్టిన్ లూథర్ కింగ్ మీద నిఘా పెట్టింది. ఇవి తెరమీద కనపడవు. అందుకే క్లోజప్‌లు ఎవరికి పడ్డాయో, దెబ్బలు తిన్నవాడికి డైలాగులెన్నో రాసుకోమంటాను. బస్తీని ఉద్ధరించడానికి బయటినుంచి హీరో దిగే మన సినిమాలకూ ఈ లెక్క వేసి చూడండి, సరదాగా ఉంటుంది.

అపోహ: ద్వేషించేవాడు చూడగానే తెలిసిపోతాడు.

వాస్తవం: ‘గెట్ అవుట్’ (2017)లో నల్ల హీరో తన తెల్ల ప్రియురాలి ఇంటికి వెళ్తాడు. ఆ అమ్మాయి తండ్రి, వీలుంటే ఒబామాకు మూడోసారీ ఓటేసేవాణ్ని అంటాడు. మిగతాది మీరే చూడండి.

అపోహ: ఎవరిది తప్పో చివర్లో సినిమా తేల్చి చెప్పాలి.

వాస్తవం: ‘డు ద రైట్ థింగ్’ (1989) వేసిన రోజు ఇంటికి ఆలస్యమవుతుందని ముందే చెప్పి వస్తాను. బ్రూక్లిన్‌లో మండుటెండ రోజు, పిజ్జా షాపులో మొదలైన గొడవలో రహీమ్ అనే నల్ల కుర్రాణ్ని పోలీసులు గొంతు నొక్కి చంపుతారు. ఆ వెంటనే షాపులో పనిచేసే మూకీ అనే నల్ల కుర్రాడు చెత్తడబ్బా ఎత్తి అద్దం మీదికి విసురుతాడు. చర్చలో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘అన్నం పెట్టిన షాపు అద్దం పగలగొట్టడం న్యాయమా?’ అక్కణ్నుంచి ఓనరు కష్టం, నష్టం, ఇన్సూరెన్సు. నేను మధ్యలో కల్పించుకోను. చాలాసేపటికి వెనక వరసలోంచి ఎవరో ఒకరు అంటారు: ‘మేడమ్, చచ్చిపోయినవాడి ఊసే ఎవరూ ఎత్తట్లేదు.’

అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది. డైరెక్టర్ స్పైక్ లీ చివర్లో హింస వద్దన్న కింగ్ మాటల్ని, ఆత్మరక్షణ కోసమైతే అది హింసే కాదన్న మరో నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ మాటల్ని ఒకదాని తర్వాత ఒకటి వేసి వదిలేస్తాడు. ‘ఇంతకీ డైరెక్టర్ ఎవరి వైపు?’ అని నన్ను నిలదీస్తారు. చెప్పను. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వచ్చినా ఆ వాదన మెట్ల మీద, తర్వాత పార్కింగ్‌లో సాగుతూనే ఉంటుంది.